గీతిక పేరుతో పదిహేడు లాగిన్లు

శనివారం పొద్దున తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే ప్యాసింజరులో సీట్లు ఖాళీగానే ఉన్నా తరన్నుమ్ తలుపు దగ్గరే నిలబడింది. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవడం లేదు. వేమూరు దాటేలోపే సంచిలోని కాగితం రెండుసార్లు తీసి చూసి, మళ్ళీ మడిచి లోపల పెట్టింది. రేపల్లె బ్రాంచిలో గురువారం ఉదయం కంప్యూటరులోకి ఎవరు ఏ నిమిషానికి వచ్చారో, ఏ నిమిషానికి బయటికి వెళ్ళారో చెప్పే జాబితా అది. పై నుంచి కింద దాకా ఒకటే పేరు. గీతిక.

తరన్నుమ్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. డాక్టర్ విజయసారథి గారి రక్తపరీక్షల ల్యాబులో ఆరేళ్ళుగా కంప్యూటర్ల పనంతా ఆమే చూస్తోంది. పెద్ద ల్యాబు తెనాలిలో, చిన్న బ్రాంచీలు రేపల్లెలో, బాపట్లలో. మూడు చోట్ల కంప్యూటర్లలో కొట్టిన ఫలితాలూ తెనాలి ల్యాబు మేడమీద గదిలో ఉన్న ఒక లినక్స్ సర్వరులోకి చేరతాయి. ఆ సర్వరులో రూట్ అనే పెద్ద ఖాతా ఒకటుంది. అందులోకి వెళ్ళినవారు ఏ ఫైలునైనా తెరవగలరు, మార్చగలరు, ఆనవాలు లేకుండా చెరిపేయగలరు. దాని పాస్‌వర్డ్ తరన్నుమ్ ఒక్కదానికే తెలుసు. ఆ సంగతి డాక్టరుగారికి తెలుసో లేదో ఆమె ఎప్పుడూ అడగలేదు.

నాలుగు నెలల కిందటి వరకూ బ్రాంచీలో ఉన్నవాళ్ళందరికీ ఉమ్మడిగా ఒకటే ఖాతా ఉండేది. దాని పేరు ల్యాబ్. పాస్‌వర్డ్ కూడా అదే, చివర మూడంకెలు అదనం. రేపల్లెలో దాన్ని ఫ్రిజ్ తలుపు మీద ప్లాస్టరు అతికించి రాసి పెట్టుకున్నారు. నాణ్యత సర్టిఫికెట్ కోసం తనిఖీకి వచ్చిన ఆయన దాన్ని ఫొటో తీసుకుని, రేపు ఒక ఫలితం తప్పయితే అది ఎవరు కొట్టారో ఎలా చెబుతారని డాక్టరుగారిని అడిగాడు. డాక్టరుగారు తరన్నుమ్ వైపు చూశారు.

ఆ అవమానం ఆమెను వారం రోజులు నిలవనివ్వలేదు. తెనాలిలో కూర్చుని సర్వరు మొత్తాన్ని బిగించేసింది. ఉమ్మడి ఖాతా తీసేసింది. మనిషికో ఖాతా తెరిచింది. పాస్‌వర్డులో పన్నెండు అక్షరాలకు తగ్గకూడదు, అంకె ఉండాలి, గుర్తు ఉండాలి. నెలకోసారి మార్చాలి, వెనకటి అయిదూ మళ్ళీ పనికిరావు. మూడుసార్లు తప్పు కొడితే అరగంట పాటు ఖాతాకు తాళం. రెండు నిమిషాలు ఏ మీటా నొక్కకపోతే తెర తనంతట తానే మూసుకుపోతుంది, మళ్ళీ మొదటి నుంచి పాస్‌వర్డ్ కొట్టి రావాలి. ఆఖరున ఒక కాగితం తయారుచేసి అందరి చేతా సంతకాలు పెట్టించింది. పాస్‌వర్డ్ ఇంకొకరికి చెప్పినవారిని ఉద్యోగం నుంచి తీసేస్తారని అందులో ఉంది. ఆ వాక్యం కూడా ఆమె రాసిందే. రెండోసారి వచ్చిన తనిఖీ ఆయన అన్నీ చూసి బాగుందన్నాడు. డాక్టరుగారు ఆ సాయంత్రం స్టాఫు అందరికీ స్వీట్లు తెప్పించారు.

మొదటి రెండు నెలలూ రేపల్లె నుంచి రోజూ ఫోన్లు. ఎక్కువ ఫోన్లు రిబ్కావి. రిబ్కాకు యాభై రెండేళ్ళు, ఆ బ్రాంచి తెరిచినప్పటి నుంచీ ఆమే టెక్నీషియన్. సూది గుచ్చితే పిల్లలు కూడా ఏడవరని రేపల్లెలో పేరు. ఖాతాకు తాళం పడిందని ఆమె ఫోను చేసినప్పుడల్లా తరన్నుమ్ అరగంట ఆగమనేది. మూడో నెలలో ఆ ఫోన్లు ఆగిపోయాయి. అలవాటు పడ్డారులే అనుకుని తరన్నుమ్ సంతోషించింది.

ఈ గురువారం రేపల్లె బ్రాంచిలో మోహనకృష్ణ అనే స్కూలు మాస్టారికి ఇచ్చిన రిపోర్టులో పొటాషియం ఆరు పాయింట్ ఎనిమిది అని వచ్చింది. గుండె ఏ క్షణమైనా ఆగిపోయేంత ఎక్కువ అది. ఆయన భయపడిపోయి మర్నాడు తెనాలి వచ్చి మళ్ళీ పరీక్ష చేయించుకున్నాడు. నాలుగు పాయింట్ ఒకటి వచ్చింది. మామూలే. మాస్టారు రెండు రిపోర్టులూ డాక్టరుగారి బల్ల మీద పెట్టి, మీ ల్యాబులో ఎవరు నన్ను చంపబోయారో చెప్పండన్నాడు.

డాక్టరుగారు రేపల్లెకు ఫోను చేస్తే, తానే కొట్టానని రిబ్కా చెప్పింది. సర్వరులో చూస్తే గీతిక పేరుంది. గీతిక ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి, రిబ్కా దగ్గరే పని నేర్చుకుంది. హాజరు రిజిస్టరులో గురువారం ఉదయం గీతిక సంతకం కూడా ఉంది. ఆ పిల్లను కాపాడడానికి రిబ్కా నేరం తన మీద వేసుకుంటోందని డాక్టరుగారు నిర్ణయానికి వచ్చారు. గీతికను అడిగితే ఏడ్చిందే తప్ప ఒక్క మాట చెప్పలేదు. సోమవారం ఆమెను తీసేస్తానని, ఈలోపు ఒకసారి వెళ్ళి అన్నీ సరిగా చూసి రమ్మని డాక్టరుగారు శుక్రవారం సాయంత్రం తరన్నుమ్‌కు చెప్పారు.

"మనుషులు ఏమైనా చెబుతారమ్మా," అన్నారు. "కంప్యూటరు అబద్ధం చెప్పదు కదా."

ఆ మాటకు తరన్నుమ్ తలూపింది. కానీ ఇంటికి వెళ్ళి జాబితా చూస్తే ఏదో నచ్చలేదు. పదిన్నరకూ పదకొండున్నరకూ మధ్య, ఒక్క గంటలో, గీతిక పదిహేడుసార్లు లోపలికి వచ్చి పదిహేడుసార్లు బయటికి వెళ్ళింది. ఏ మనిషీ కావాలని అలా చేయడు.

*

రేపల్లె బ్రాంచి బస్టాండు దగ్గర, ఒక మందుల షాపు పైన ఉంది. తరన్నుమ్ మెట్లెక్కేసరికి బల్లల మీద పరగడుపున వచ్చినవాళ్ళు పదిమంది దాకా కూర్చున్నారు. రిబ్కా ఒక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ కడుతోంది. తరన్నుమ్‌ను చూసి కుర్చీ చూపించిందే కానీ పని ఆపలేదు. గీతిక నిన్న సాయంత్రమే బాపట్లలో వాళ్ళింటికి వెళ్ళిపోయింది. ఈ ఉదయం ఫలితాలన్నీ రిబ్కా కాగితం మీద రాసి, తెనాలికి ఫోనులో చదివి వినిపిస్తోంది.

తరన్నుమ్ ముందు రిబ్కా ఖాతా చూసింది. ఆఖరుసారి అందులోకి వచ్చి నలభై ఏడు రోజులైంది. పాస్‌వర్డ్ గడువు దాటిపోవడంతో, తరన్నుమ్ తీస్తే తప్ప వీడని తాళం పడి ఉంది. ఆ తారీఖు చూడగానే మిగతాదంతా అర్థమైంది. తాళం తీసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టించి, ఇప్పుడు కొట్టి చూడండని చెప్పి పక్కన కూర్చుంది.

రిబ్కా చేతి తొడుగులు విప్పి, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పన్నెండూ కొట్టింది. తెర తెరుచుకుంది. యంత్రం నుంచి వచ్చిన చీటీ చూసి మొదటి పేషెంటు ఫలితాలు రెండు ఎక్కించేసరికి బల్ల మీద ఒక ముసలామెకు కళ్ళు తిరిగాయి. రిబ్కా లేచి ఆమెను పడుకోబెట్టి, నీళ్ళు తాగించి వచ్చింది. తెర మూసుకుపోయింది. మళ్ళీ తొడుగులు విప్పింది, మళ్ళీ పన్నెండక్షరాలు. మూడు ఫలితాలు ఎక్కించిందో లేదో, చంటిపిల్లను ఎత్తుకుని ఒకామె వచ్చింది. పిల్లకు నరం దొరకడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తిరిగి వచ్చేసరికి తెర మూసుకుపోయి ఉంది. ఈసారి అక్షరం ఒకటి తప్పింది. మళ్ళీ కొట్టింది. తెర తెరుచుకున్నాక ఎంతవరకు వచ్చానో గుర్తులేక చీటీ మీద వేలు పెట్టి పై నుంచి చదువుకుంది.

తరన్నుమ్ తన గడియారంలో చూసుకుంది. పావుగంటలో అయిదుసార్లు. తెనాలిలో ఫలితాలు కొట్టేవాళ్ళు కుర్చీలోంచి లేవరు. రక్తం తీసేవాళ్ళు వేరే ఉంటారు. ఆ రెండు నిమిషాల నియమాన్ని ఆమె తెనాలిలో కూర్చుని, తెనాలి వాళ్ళను చూసి పెట్టింది. రేపల్లెలో తీసేదీ కొట్టేదీ ఒకే మనిషి అని ఆమెకు తెలియక కాదు. తట్టలేదు, అంతే.

పదకొండింటికి బల్లలు ఖాళీ అయ్యాక రిబ్కా రెండు గ్లాసుల్లో టీ పోసి ఒకటి ఇచ్చింది. అడగకముందే చెప్పింది.

"గురువారం నేనే కొట్టానమ్మా. గీతిక తొమ్మిదిన్నరకే బాపట్ల వెళ్ళిపోయింది. దానికి డిగ్రీ పరీక్ష ఉంది. నేనే వెళ్ళమన్నాను, సెలవు రాయొద్దు, నేను చూసుకుంటానని చెప్పాను. దాని పాస్‌వర్డ్ నాకు నెలన్నర నుంచీ తెలుసు."

తాళం పడిందని తనకు ఎందుకు చెప్పలేదని తరన్నుమ్ అడిగింది. ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడే అది అడగకూడనిదని తెలిసింది. రిబ్కా కోపంగా చూడలేదు. చెప్పానమ్మా, చాలాసార్లు చెప్పాను, అరగంట ఆగమన్నావు, పరగడుపున పల్లెల నుంచి వచ్చినవాళ్ళను అరగంట ఆపితే పడిపోతారు, అంది. ఆఖరుసారి ఫోను చేసినప్పుడు ఎదురుగా ఒక షుగరు పేషెంటు చెమటలు పట్టి కూర్చుని ఉన్నాడట. ఆ రోజే గీతిక తన పాస్‌వర్డ్ చెప్పింది. అప్పటి నుంచీ ఫోను చేయవలసిన అవసరం రాలేదు.

మాస్టారి ఫలితం ఎలా మారిందో కూడా రిబ్కా చెప్పింది. ఆ గంటలో రెండు చీటీలు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి మాస్టారిది, ఒకటి నిజాంపట్నం నుంచి వచ్చిన పోలయ్యది. మాస్టారిది సగం కొట్టి లేచింది. తిరిగి వచ్చి పాస్‌వర్డ్ కొట్టాక, మాస్టారి చీటీ అనుకుని పోలయ్య చీటీలోది కొట్టింది. తర్వాత మిగిలిన మాస్టారి చీటీని పోలయ్య పేరు మీద కొట్టింది.

తరన్నుమ్ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. పొద్దున్నుంచీ జాబితా చూస్తోంది. రాత్రంతా చూసింది. ఆరు పాయింట్ ఎనిమిది మాస్టారిది కాకపోతే అది ఇంకెవరిదో అయి ఉండాలన్న ఆలోచన ఆమెకు ఒక్కసారి కూడా రాలేదు. అంత పొటాషియం ఒంట్లో ఉన్న మనిషి, అంతా మామూలేనన్న రిపోర్టు పట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

"పోలయ్య ఎక్కడున్నాడండి ఇప్పుడు?" అంది.

"ఆస్పత్రిలో. నిన్న డాక్టరు గారు ఫోను పెట్టేయగానే అర్థమైంది. ఆటో ఎక్కి నిజాంపట్నం వెళ్ళాను. చేపలు ఎండబెట్టే దిబ్బ మీద పడుకుని ఉన్నాడు, కాళ్ళు లాగేస్తున్నాయని. అదే ఆటోలో తీసుకొచ్చి ఇక్కడ చేర్పించాను. ఇప్పుడు నయమే." రిబ్కా టీ తాగి గ్లాసు పక్కన పెట్టింది. "మీరంతా ఎవరు కొట్టారని వెతుకుతున్నారు. నేను ఎవరి రక్తమని వెతికానమ్మా."

కింద బస్సు కండక్టరు చెరుకుపల్లి, బాపట్ల అని కేకలేస్తున్నాడు. తరన్నుమ్ లేవబోయింది. రిబ్కా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒక్క పని చెయ్యి తల్లీ. ఆ కంప్యూటర్లో గీతిక పేరు తీసేసి నా పేరు పెట్టు. నువ్వు పెట్టగలవంట కదా. నేను నోటితో చెబితే ఆయన నమ్మడం లేదు, అది చెబితే నమ్ముతారు."

తరన్నుమ్ సంచి భుజాన వేసుకుంది. చూస్తానండి అని మాత్రం చెప్పి మెట్లు దిగింది.

*

బాపట్ల బస్సు చెరుకుపల్లిలో చాలాసేపు ఆగింది. డ్రైవరు టీ తాగడానికి దిగాడు. తరన్నుమ్ కూడా దిగి, బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ ఎక్కింది. రూట్ ఖాతాలోకి వెళ్ళి ఒక ఫైలు తెరిచి పదిహేడు చోట్ల ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టడానికి నిమిషం కూడా పట్టదు. ఒక్క ఆదేశంతో అయిపోతుంది. ఫైలు ఎప్పుడు మారిందో చెప్పే తారీఖును కూడా వెనక్కి తిప్పగలదు. ఎవరికీ తెలియదు. ఇంతకాలం ఆ శక్తి తనకుందని తెలిసినా, దాన్ని వాడమని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగిన మనిషి తన తప్పు దాచమని అడగలేదు, తప్పు తన పేరు మీద రాయమంది.

గీతిక వాళ్ళిల్లు బాపట్ల స్టేషను వెనక వీధిలో ఉంది. వాళ్ళమ్మ ముందు గదిలో మిషను మీద జాకెట్లు కుడుతోంది. ఆఫీసు నుంచి వచ్చారని తెలిసి ఆమె మిషను ఆపి లోపలికి వెళ్ళిపోయింది, కానీ కర్టెను వెనకే నిలబడిందని కాళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. గీతిక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అడగగానే పుస్తకంలో దాచిన హాల్ టికెట్టు తెచ్చి చూపించింది. గురువారం తారీఖు, పర్యవేక్షకుడి సంతకం, అన్నీ ఉన్నాయి.

ఇది డాక్టరుగారికి ఎందుకు చూపించలేదని అడిగింది తరన్నుమ్. చూపిస్తే సెలవు రాయకుండా వెళ్ళినట్టు తెలుస్తుంది, తాను లేనప్పుడు తన ఖాతా నడిచిందంటే పాస్‌వర్డ్ ఇచ్చినట్టు కూడా తెలుస్తుంది అని గీతిక చెప్పింది. తప్పు కొట్టినా తీసేస్తారు, పాస్‌వర్డ్ ఇచ్చినా తీసేస్తారు. పైగా రిబ్కా ఆంటీని కూడా తీసేస్తారు. అందుకే నోరు విప్పలేదంది. సంతకం పెట్టిన కాగితంలోని ఆ వాక్యాన్ని ఒక్క మాట పొల్లు పోకుండా అప్పజెప్పింది. తన వాక్యం ఇంకొకరి నోట వింటుంటే తరన్నుమ్‌కు ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు.

"పేరు మార్చేయండక్కా," అంది గీతిక. "ఇప్పుడు అందులో ఉన్నది అబద్ధం. మీరు మారిస్తే నిజమవుతుంది. నిజం రాయడానికి భయమెందుకు?"

హాల్ టికెట్టుకు ఫోనులో ఫొటో తీసుకోవచ్చా అని తరన్నుమ్ అడిగింది. గీతిక చాలాసేపు ఆలోచించి, తీసుకోండి, కానీ చూపించే ముందు నాకు ఒక్కసారి ఫోను చెయ్యండి అంది. కర్టెను వెనక ఉన్న కాళ్ళు కదిలాయి. వాళ్ళమ్మ బయటికి వచ్చి, భోజనం చేసి వెళ్ళమ్మా అని మాత్రం అంది. తరన్నుమ్ రైలు టైమైందని చెప్పి బయటపడింది. రైలుకు ఇంకా గంట టైముంది. ఆ గంటా ప్లాట్‌ఫారం మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. చీరాల వైపు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ ఒకటి ఆగకుండా వెళ్ళిపోయింది.

రైలు అప్పికట్ల దాటుతుండగా అమ్మ సుల్తాన్ బీ ఫోను చేసింది. ఏమైనా తిన్నావా అని అడిగింది. తిన్నానని అబద్ధం చెప్పింది. చెప్పిన తర్వాత, పొద్దున్నుంచీ అబద్ధం గురించి ఇంత ఆలోచిస్తూ ఇది ఎంత తేలిగ్గా వచ్చేసిందో చూసుకుని కొంచెం నవ్వొచ్చింది.

*

తెనాలి ల్యాబు మేడమీది గదికి వచ్చేసరికి సాయంత్రం అయిదున్నర. కింద ల్యాబులో సెలైన్ సీసాల పెట్టెలు దింపుతున్నారు. తరన్నుమ్ రూట్‌గా లోపలికి వెళ్ళి గురువారపు జాబితా ఉన్న ఫైలు తెరిచింది. గీతిక, గీతిక, గీతిక. పదిహేడుసార్లు. మార్చే ఆదేశం కూడా కొట్టింది. ఎంటర్ మీట ఒక్కటే మిగిలింది.

నొక్కితే ఏమవుతుందో వరసగా ఊహించుకుంది. డాక్టరుగారు సోమవారం చూస్తారు. రిబ్కా పేరు కనిపిస్తుంది. రిబ్కా నిజమే చెప్పిందనుకుంటారు. గీతిక ఉద్యోగం నిలబడుతుంది. రిబ్కా తప్పు కొట్టిందని, వయసైపోయిందని, ఇక చాలని అంటారు. అక్కడితో ఆగిపోతుంది. ఒక గంటలో ఒక మనిషి పదిహేడుసార్లు ఎందుకు తలుపు తట్టవలసి వచ్చిందని ఎవరూ అడగరు. మార్చిన ఫైలు గీతికను కాపాడుతుంది. అంతకన్నా బాగా తరన్నుమ్‌ను కాపాడుతుంది.

అది తట్టాక కుర్చీలో ఉండలేకపోయింది. లేచి కిటికీ తెరిచి, మళ్ళీ మూసి వచ్చింది. ఇంకో ఫైలు తెరిచింది. అందులో నియమాలున్నాయి. రెండు నిమిషాలకు తెర మూసేయమన్న వరస, మూడు తప్పులకు తాళం వేయమన్న వరస, నెలకోసారి మార్చాలన్న వరస. ప్రతి మార్పు పక్కనా తారీఖు, ఎవరు పెట్టారన్నది, తాను అలవాటుగా రాసుకున్నవే. అన్ని చోట్లా ఒకటే పేరు. ఇది ఎవరూ ప్రింటు తీయలేదు.

కొట్టిన ఆదేశాన్ని అక్షరం అక్షరంగా చెరిపేసింది. గీతిక అన్న మాట నిజమే, ఆ ఫైలులో ఉన్నది అబద్ధమే. కానీ ఒక్కసారి వేలు పెడితే, రేపు నిజంగా ఎవరైనా ఏదైనా చేసినప్పుడు ఆ ఫైలు మాట తానే నమ్మలేకపోతుంది. అబద్ధాన్ని అక్కడే ఉంచి, అది ఎలా వచ్చిందో పక్కన రాయాలి. ఆ రాయడం రూట్‌కు చేతనయ్యే పని కాదు, సంతకంతో తాను చేయవలసిన పని.

తెల్లకాగితాలు తీసుకుని రాయడం మొదలుపెట్టింది. మూడు పేజీలు వచ్చాయి. మొదటి పేజీ నిండా తాను పెట్టిన నియమాలే. ఆ తర్వాత గీతికకు ఫోను చేసి చదివి వినిపించింది. గీతిక మొదటి పేజీ ఇంకోసారి చదవమంది. తర్వాత, సరే అక్కా, హాల్ టికెట్టు చూపించండి, అంది.

*

ఆదివారం పొద్దున డాక్టరుగారు ఇంట్లోనే మూడు పేజీలూ చదివారు. ఆయన భార్య రమణి గారు పెట్టిన ఇడ్లీ ప్లేటు తరన్నుమ్ ఒళ్ళో అలాగే ఉంది. చదివిన తర్వాత ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"ఈ పేర్లు నువ్వు మార్చగలవా?" అని అడిగారు.

"మార్చగలనండి."

"నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదండి. ఎవరికీ తెలిసేది కాదు."

ఆయన ముఖం ఎర్రబడింది. తప్పు కొట్టినందుకు కాదు, ఆరేళ్ళుగా తాను దేన్ని నమ్ముకుంటున్నానో ఇప్పుడు తెలిసినందుకు ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపమంతా తరన్నుమ్ మీద చూపించారు. తనిఖీ ముందు ఒక మాట, ఇప్పుడు ఇంకో మాటా అన్నారు. నియమాలు పెట్టే ముందు ఒక్కరోజు రేపల్లె వెళ్ళి కూర్చోవాలని తెలియదా అన్నారు. ఆమె తెలియలేదండి అంది. వాదించలేదు. వాదించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. పోలయ్య చనిపోయి ఉంటే ఈ మూడు పేజీలు ఎవరికి చూపించేదానివని ఆయన అడిగినప్పుడు మాత్రం ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రమణి గారు వచ్చి ప్లేటు తీసుకెళ్ళారు.

నిర్ణయాలు సోమవారం చెప్పారు. గీతికను తీసేయలేదు, సెలవు రాయకుండా వెళ్ళినందుకు హెచ్చరిక పత్రం ఇచ్చారు. రిబ్కాకూ ఒకటి ఇచ్చారు. రిబ్కా సంతకం పెట్టి, మాస్టారి ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పడానికి మధ్యాహ్నం సెలవు కావాలని రాసిచ్చింది. మాస్టారు ఆమెను గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడట. ఆ తర్వాత ఆయన ఆ ల్యాబుకు మళ్ళీ రాలేదు. పోలయ్య పది రోజులకు ఇంటికి వెళ్ళాడు. మందులు వాడాలి, ఇంతకుముందులా బరువులు మోయకూడదు. రిపోర్టు తప్పు వచ్చినందుకు కాక, ఆస్పత్రిలో పడుకోబెట్టినందుకు అతనికి రిబ్కా మీద చాలా రోజులు కోపం ఉండిపోయింది.

తరన్నుమ్‌కు హెచ్చరిక పత్రం రాలేదు. అది రాకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. దాని బదులు డాక్టరుగారు ఒక పని చెప్పారు. జాబితాలు పుట్టిన మరుక్షణమే ఇంకో యంత్రంలోకి కూడా వెళ్ళాలి. ఆ యంత్రం పాస్‌వర్డ్ ఆమెకు తెలియకూడదు. ఆ పని చేసేది కూడా ఆమే. తన చేతులకు తానే కట్టు వేసుకోవడం ఎలాగో పుస్తకాలు తిరగేసి నేర్చుకుని, నాలుగు రోజుల్లో పూర్తిచేసింది. ఆఖరి పాస్‌వర్డ్ డాక్టరుగారు కొడుతుంటే గోడ వైపు తిరిగి నిలబడింది. ఆయన మూడుసార్లు తప్పు కొట్టారు.

నియమాలు కూడా మార్చింది. ఈసారి తెనాలిలో కూర్చుని కాదు. రేపల్లెలో రెండు రోజులు, బాపట్లలో ఒకరోజు బల్ల పక్కన కూర్చుని చూసింది. నెలకోసారి మార్చాలన్నది తీసేసింది, ఎవరికైనా తెలిసిపోయిందని అనుమానం వస్తేనే మార్చాలి. గుర్తులూ అంకెలూ అక్కర్లేదు, తమకు మాత్రమే అర్థమయ్యే నాలుగు మాటలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. రెండు నిమిషాలు పదిహేను నిమిషాలైంది. తెర మూసుకుపోయినా, తెరవగానే ఆగిన చోటే ఉంటుంది, పేషెంటు పేరు పెద్ద అక్షరాల్లో పైన కనిపిస్తుంది. తాళం పడితే రిబ్కాయే తీయగలదు, తీసిన సంగతి జాబితాలో పడుతుంది. సంతకాల కాగితంలో ఉద్యోగం పోతుందన్న వాక్యం కొట్టేసి, లోపలికి వెళ్ళలేకపోతే ఎవరికి ఫోను చేయాలో, వాళ్ళు ఎన్ని నిమిషాల్లో పలకాలో రాసింది. ఆ పలకవలసిన పేరు తనదే.

తనిఖీ ఆయన జూన్‌లో మళ్ళీ వచ్చాడు. నెలకోసారి మార్చే నియమం ఎందుకు తీసేశారని అడిగాడు. తరన్నుమ్ మూడు పేజీలూ ఇచ్చింది. ఆయన మొదటి పేజీ చదివి, ఒక లోపంగానే రాసుకున్నాడు, కింద వివరణ సబబుగా ఉందని ఒక ముక్క చేర్చాడు. డాక్టరుగారు స్వీట్లు తెప్పించలేదు. సంతకం పెట్టి పంపేశారు.

గీతిక డిగ్రీ పూర్తయ్యాక బాపట్లలోనే వేరే ఉద్యోగం వచ్చి మానేసింది. వెళ్ళిన రోజు సాయంత్రమే తరన్నుమ్ ఆమె ఖాతాను మూసేసింది. చెరపలేదు, మూసింది. పాత రాతలన్నీ ఆ పేరుతోనే ఉండాలి. ఆమె స్థానంలో నీరజ అనే అమ్మాయి చేరుతోందని రిబ్కా ఫోను చేసింది. ఖాతా తెరవాలంది. తెనాలి నుంచి తెరవడానికి అయిదు నిమిషాలు చాలు. తరన్నుమ్ మర్నాడు పొద్దున ప్యాసింజరుకు బయల్దేరింది. నీరజ ఎడమచేత్తో రాస్తుందని, తొడుగులు వేసుకునే కొడుతుందని, తెరలో అక్షరాలు ఆమెకు చిన్నగా కనిపిస్తున్నాయని మొదటి గంటలోనే తెలిసింది. ఆ మూడూ సర్దేసరికి పన్నెండైంది. బల్లల మీద ఇంకా ఇద్దరు కూర్చుని ఉన్నారు.